మీ అంగ ఎంతో మీ బ్యాండుకు చెప్పండి

రోజూ మూడు కిలోమీటర్లు నడవమని డాక్టరు చెప్పారంటూ పొద్దున్నే చేతికి బ్యాండు కట్టుకుని బయల్దేరేవాళ్లు విజయవాడ గవర్నర్‌పేటలో ఇప్పుడు ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. షుగరు ఉన్నవాళ్లు, మోకాళ్లు పట్టేసినవాళ్లు, గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లు వీళ్లలో ఎక్కువ. ఇంటికొచ్చి బ్యాండు చూసుకుంటారు. మూడు దాటితే తృప్తి. దాటకపోతే సాయంత్రం ఇంకో చుట్టు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

జీపీఎస్ లేని బ్యాండుకు మీరు ఏ వీధిలో ఎంత దూరం వెళ్లారో తెలియదు. లోపలున్న యాక్సిలరోమీటర్ అనే చిన్న చిప్పు మీ చెయ్యి ఊగే తీరును బట్టి అడుగులు లెక్కపెడుతుంది. ఆ లెక్కను మీ అంగ పొడవుతో గుణిస్తే వచ్చేదే తెరమీద కనిపించే దూరం. అంగ పొడవు మీరు చెప్పకపోతే మీ ఎత్తు చూసి అదే ఊహించుకుంటుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం మగవాళ్ల అంగ ఎత్తులో 0.415 వంతు, ఆడవాళ్లది 0.413 వంతు.

అరవై ఎనిమిదేళ్ల పెద్దావిడను ఊహించుకోండి. ఎత్తు 155 సెంటీమీటర్లు. బ్యాండు ఆమె అంగ 64 సెంటీమీటర్లని వేసుకుంటుంది. మోకాలి నొప్పితో ఆమె నిజంగా వేసేది 52 సెంటీమీటర్లే అనుకుందాం. 6,000 అడుగులు వేసి ఇంటికొస్తే బ్యాండు 3.84 కిలోమీటర్లు చూపిస్తుంది. ఆమె నడిచింది 3.12. సుమారు ముప్పావు కిలోమీటరు గాల్లోంచి వచ్చింది. నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నా షుగరు దిగడం లేదని ఆమె డాక్టరుకు చెబుతుంది, డాక్టరు ఆ మాట నమ్ముతారు. పొడుగు కాళ్లతో చకచకా నడిచే కుర్రాడికి ఇదే లెక్క తిరగబడుతుంది, నడిచినదానికంటే తక్కువ చూపిస్తుంది.

దీన్ని సరిచేయడానికి కావలసినవి ఒక టేపు, ఒక సుద్దముక్క, అరగంట సమయం. కింద రాసిన పద్ధతిలో అడుగు అంటే కాలితో వేసే అడుగే. అంగ అంటే ఒక మడమ నుంచి రెండో మడమ దాకా ఉన్న పొడవు. కొలతలన్నీ మీటర్లు, సెంటీమీటర్లలోనే.

మొదట చేతిలో ఉన్నదేమిటో తెలుసుకోండి

బ్యాండులు మూడు రకాలు. కొన్నిట్లో సొంతంగా జీపీఎస్ ఉంటుంది. కొన్ని జేబులోని ఫోను జీపీఎస్‌ను వాడుకుంటాయి. మిగిలినవాటికి ఏదీ లేదు, ఎప్పుడూ అడుగుల లెక్కే. జీపీఎస్ ఉందిగదా, మనకిదంతా ఎందుకు అనుకోవద్దు. మీరు వాకింగ్ అని వర్కవుట్ మొదలుపెట్టి నడిస్తేనే చాలా వాచీల్లో జీపీఎస్ పనిచేస్తుంది. రోజంతా ఇంట్లో, ఆఫీసులో, బజారులో వేసిన అడుగులకు దూరం కట్టేది మళ్లీ అంగతోనే. పైగా రెండువైపులా ఎత్తయిన భవనాలున్న సన్నటి వీధుల్లో ఉపగ్రహ సంకేతం గోడలకు తగిలి తిరిగొస్తుంది. మ్యాపులో మీ దారి ఈ పక్క షాపులోంచి ఆ పక్క షాపులోకి దూకినట్టు కనిపిస్తే కారణం అదే.

తర్వాత యాప్‌లో మీ వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఎత్తు సెంటీమీటర్లలో వేయండి. అయిదు అడుగుల నాలుగు అంగుళాలంటే 162.5. బ్యాండు ఏ చేతికి కట్టుకుంటారో, ఏ చేత్తో పని చేస్తారో అడిగిన చోట నిజమే చెప్పండి. కూర తరిగే చేతికి, రాసే చేతికి కట్టుకుంటే అడుగు వేయకుండానే అడుగులు పడతాయి. పట్టీ మణికట్టు ఎముక మీద కాకుండా దానికి ఒక వేలు పైన ఉండాలి. గాజుల మధ్య ఇరుక్కుని వదులుగా జారే బ్యాండు ఏ లెక్కా సరిగ్గా చెప్పదు.

చోటు, టేపు

కావలసింది తిన్నగా, చదునుగా, కనీసం వంద మీటర్లు అడ్డం లేకుండా ఉన్న దారి. సాయంత్రం బీసెంట్ రోడ్డు ఇందుకు పనికిరాదు. అక్కడ మీరు నడవరు, జనం మిమ్మల్ని నడిపిస్తారు. తోపుడుబండి పక్కన ఆగి, చీర చూసి, బేరమాడి, మళ్లీ నాలుగడుగులు వేసే నడకలో అంగ సగానికి పడిపోతుంది. షాపుల షట్టర్లు లేవకముందు, ఆరింటి వేళ అదే రోడ్డు వేరుగా ఉంటుంది. మీకు దగ్గర్లో స్కూలు గ్రౌండో, కాలనీలో బళ్లు తక్కువ తిరిగే రోడ్డో ఉంటే ఇంకా మంచిది. వేసవిలో మన ఊరి ఎండ సంగతి తెలిసిందే కాబట్టి ఏడు దాటకముందే పని ముగించండి. అలసిపోయాక వేసే అంగ మీ అసలు అంగ కాదు.

హార్డ్‌వేర్ షాపులో 30 మీటర్ల ఫైబర్ టేపు దొరుకుతుంది. కొనక్కర్లేదు, తెలిసిన తాపీమేస్త్రీ దగ్గరో ఇంజినీరు దగ్గరో అడిగి తెచ్చుకోవచ్చు. ఇంట్లో ఉండే అయిదు మీటర్ల స్టీలు టేపును పద్దెనిమిదిసార్లు జరిపితే ప్రతిసారీ కొంచెం తప్పు పోగవుతుంది, కాబట్టి పెద్దదే వాడండి. ఒకరు సున్నా దగ్గర పట్టుకోవాలి, ఇంకొకరు బిగించి లాగాలి. 30 మీటర్ల దగ్గర సుద్దముక్కతో అడ్డగీత. అక్కడి నుంచి మళ్లీ 30, మళ్లీ 30. మొత్తం 90 మీటర్లు. మొదటి గీత, చివరి గీత దూరం నుంచి కనబడేలా మందంగా గీయండి.

90 మీటర్లే ఎందుకంటే, లెక్కలో ఒక్క అడుగు తేడా వస్తే పది మీటర్ల దారిలో అది ఆరు శాతం తప్పు. 90 మీటర్లలో ముప్పాతిక శాతం కూడా ఉండదు. చాలామంది హాల్లో పది అడుగులు వేసి భాగించేసుకుంటారు. ఆ శ్రమ వృథా.

నడక, లెక్క

మొదటి గీతకు అయిదారు మీటర్లు వెనక నుంచి నడక మొదలుపెట్టండి. నిలబడ్డ చోట నుంచి వేసే మొదటి రెండు మూడు అడుగులు పొట్టివి, అవి లెక్కలోకి రాకూడదు. గీత దాటినప్పటి నుంచి కుడికాలు నేలకు ఆనినప్పుడల్లా ఒకటి చొప్పున లెక్కపెట్టండి. చివరి గీత దాటాక కూడా ఆగకుండా రెండు మూడు అడుగులు వేసి అప్పుడు నిలవండి. గీత దగ్గరకొస్తున్నామని కాళ్లు వాటంతట అవే అంగను కుదించుకోవడమో సాగదీయడమో చేస్తాయి. అందుకే గీతను చూడకుండా ఎదురుగా దూరంగా చూస్తూ నడవాలి. లెక్క తప్పుతుందనే భయముంటే పూజా సామాన్ల షాపుల్లో జపానికి అమ్మే వేలి కౌంటరు పెట్టుకోండి. కుడికాలు పడినప్పుడల్లా ఒక నొక్కు.

వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి, అలా రెండు రాకపోకలు చేస్తే నాలుగు అంకెలు వస్తాయి. ఉదాహరణకు కుడికాలు 73, 74, 74, 73 సార్లు పడిందనుకోండి. రెట్టిస్తే 146, 148, 148, 146. మొత్తం 588 అడుగులు. నడిచిన దూరం నాలుగు తొంభైలు, అంటే 360 మీటర్లు. 360ని 588తో భాగిస్తే 0.612. మీ అంగ 61.2 సెంటీమీటర్లు. నాలుగింటిలో ఒక అంకె మిగతావాటికి అయిదారు అడుగుల దూరంలో ఉంటే లెక్క తప్పారన్నమాట. దాన్ని వదిలేసి ఇంకోసారి నడవండి.

ఈ పని మొత్తంలో కష్టమైనది మామూలుగా నడవడమే. కొలుస్తున్నామని తెలియగానే మనిషి నడక మారిపోతుంది, వీపు నిటారవుతుంది, అంగ పెరుగుతుంది. పక్కన ఒకరిని పెట్టుకుని మాట్లాడుతూ నడిస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది. అప్పుడు లెక్క పక్కవాళ్లు చూసుకోవాలి. రోజూ వేసుకునే బట్టలు, చెప్పులతోనే కొలవండి. చీరకట్టుతో నడిచే అంగ, పంజాబీ డ్రెస్సులో నడిచే అంగ ఒకటి కాదు. కుచ్చిళ్లు కాలిని ఆపుతాయి. హవాయి చెప్పులు జారకుండా వేళ్లు బిగించి నడిచేవాళ్లకు బూట్లు వేసుకోగానే అంగ సాగుతుంది. మీరు రోజూ చీరకట్టులో, చెప్పులతో వాకింగ్‌కు వెళ్తుంటే కొలత కూడా వాటితోనే జరగాలి.

డెల్టాలో పొలం గట్ల మీద అంగలు వేసి సెంట్ల లెక్క చెప్పే రైతులున్నారు. వాళ్లు అంగను గజానికి సాగదీసి వేస్తారు, ఆ కొలత అలవాటుతో వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ ఇండియా సర్వే శాఖ ఇదే పనిని ఒక శాస్త్రంగా నేర్పించింది. కుమావూ ప్రాంతపు నైన్ సింగ్ రావత్‌కు కొండెక్కినా దిగినా ఒకే పొడవు అంగ వేయడం నేర్పారు. సుమారు 2,000 అంగలు ఒక మైలు. 108 పూసలుండాల్సిన జపమాలలో 100 పూసలే పెట్టుకుని, వంద అంగలకు ఒక పూస చొప్పున జరుపుతూ, యాత్రికుడి వేషంలో 1866 జనవరిలో ఆయన టిబెట్‌లోని లాసా చేరారు. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అంగలు, అయిదు మైళ్లు, అంటే 8 కిలోమీటర్లు. ఇప్పుడు అందరం చెప్పుకునే పదివేల అడుగుల లక్ష్యం మాత్రం 1965లో జపాన్‌లో యమాసా అనే గడియారాల కంపెనీ అమ్మిన మాన్‌పో-కే (పదివేల అడుగుల మీటరు) పేరుతో వచ్చింది. 61 సెంటీమీటర్ల అంగ ఉన్నవాళ్లకు ఆ పదివేలు 6.1 కిలోమీటర్లే అవుతాయి. నైన్ సింగ్ తన కాళ్లను అంకెకు తగ్గట్టు మలుచుకున్నారు. మనం చేయాల్సింది దీనికి తిరగబడ్డ పని. మన కాళ్లు ఎలా నడుస్తాయో అలాగే నడవనిచ్చి, అంకెను వాటికి తగ్గట్టు మార్చాలి.

బ్యాండు అడుగులు సరిగ్గా లెక్కపెడుతోందా?

ఈ పరీక్షను చాలామంది వదిలేస్తారు, నా ఉద్దేశంలో ఇదే ముఖ్యం. అంగ ఎంత సరిగ్గా కొలిచినా అడుగుల లెక్క తప్పితే దూరం తప్పుతుంది.

నిలబడి బ్యాండులో అప్పటికున్న అంకె రాసుకోండి. 500 అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవండి. ఆగి, ఒక నిమిషం చెయ్యి కదల్చకుండా ఉండి అప్పుడు చూడండి. చాలా బ్యాండులు వరసగా కొన్ని అడుగులు పడితేనే అది నడక అని నమ్మి లెక్కలోకి తీసుకుంటాయి, తెరమీదకు రావడం ఇంకొంచెం ఆలస్యం. 490 నుంచి 510 లోపు వస్తే బాగానే ఉన్నట్టు. 470 వచ్చిందనుకోండి. 61.2 అంగతో 500 అడుగులకు మీరు నడిచింది 306 మీటర్లు. బ్యాండు లెక్కలో 470 అడుగులే కాబట్టి 61.2 అనే అంకె ఇస్తే అది 288 మీటర్లే చూపిస్తుంది. ముందు పట్టీ బిగించి, రెండో చేతికి మార్చి చూడండి. ఎన్నిసార్లు చూసినా అదే 470కి అటూ ఇటూ వస్తుంటే 306ను 470తో భాగించి వచ్చే 65.1ను అంగగా వేయండి. కొలతగా అది అబద్ధమే, కానీ దూరం నిజమవుతుంది. ఒకసారి 470, ఒకసారి 520, ఒకసారి 440 వస్తుంటే మాత్రం ఆ బ్యాండును ఏ అంకె పెట్టీ సరిచేయలేరు.

కూరల సంచి మోసే చేతికి బ్యాండు ఉంటే అడుగులు పోతాయి. చెయ్యి ఊగదు కదా. మనవడి చెయ్యి పట్టుకుని నడిచినా, వాకర్ పట్టుకుని నడిచినా ఇంతే. గుంతల రోడ్డు మీద బైకు నడిపితే అడుగులు వేయకుండానే పెరుగుతాయి. దుర్గగుడి మెట్లెక్కినప్పుడు ఒక్కో మెట్టుకు మీరు ముందుకు వెళ్లేది అంగలో దాదాపు సగమే. బ్యాండు మాత్రం పూర్తి అంగ వేసుకుంటుంది. కాబట్టి మెట్లెక్కిన రోజు కిలోమీటర్లను పట్టించుకోవద్దు.

అంకెను లోపలికి పంపడం

గార్మిన్ కనెక్ట్ యాప్‌లో యూజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే కస్టమ్ స్ట్రైడ్ లెంగ్త్ అని గాని, స్టెప్ లెంగ్త్ అని గాని ఉంటుంది. అక్కడ ఎంత దూరానికి ఎన్ని అడుగులో అడిగితే 360 మీటర్లు, 588 అడుగులు అని ఇచ్చేయవచ్చు. ఫిట్‌బిట్‌లో వ్యక్తిగత వివరాల దగ్గర స్ట్రైడ్ లెంగ్త్ కోసం వెతకండి. నడకకు, పరుగుకు వేర్వేరుగా వేసుకోవచ్చు. మెనూలు యాప్ వెర్షన్‌ను బట్టి చోటు మారుతుంటాయి.

వేసేముందు ఒక సంగతి చూసుకోండి. ఫిజియోథెరపీలో, కొన్ని యాప్‌లలో స్ట్రైడ్ అంటే కుడి మడమ నుంచి మళ్లీ కుడి మడమ దాకా, అంటే రెండు అడుగుల పొడవు. యాప్‌లో ముందే ఉన్న అంకె 60, 70 ప్రాంతంలో ఉంటే ఒక అడుగు లెక్క. 120, 140 ఉంటే రెండు అడుగుల లెక్క. అప్పుడు మీ 61.2ను 122.4గా వేయాలి. ఇది చూసుకోకపోతే దూరం ఒక్కసారిగా సగమో రెట్టింపో అయి కూర్చుంటుంది.

ఆపిల్ వాచీలో అంకె వేసే చోటు లేదు. అది నడక చూసి నేర్చుకుంటుంది. ఐఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ సర్వీసెస్, సిస్టమ్ సర్వీసెస్ వరసగా తెరిచి మోషన్ కాలిబ్రేషన్ అండ్ డిస్టెన్స్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత చదునైన, ఆకాశం బాగా కనిపించే చోట వర్కవుట్ యాప్‌లో అవుట్‌డోర్ వాక్ పెట్టి మీ మామూలు నడకతో దాదాపు 20 నిమిషాలు నడవండి. సన్నటి వీధుల కంటే 2016 పుష్కరాలకు బాగుచేసిన కృష్ణ ఒడ్డు ఘాట్లు ఇందుకు అనువు.

తక్కువ ధర బ్యాండుల్లో చాలావాటికి ఏ దారీ ఉండదు. ఎత్తు మార్చి వేస్తే దూరం సరిపోతుందని కొందరు చెబుతారు. వద్దు. ఎత్తును బట్టే బీఎంఐ, కేలరీలు లెక్కగడతారు, ఒక తప్పు దిద్దబోయి రెండు తెచ్చుకుంటాం. దానికి బదులు మీ గుణకం తెలుసుకోండి. కొలిచిన దారిలో సరిగ్గా రెండు కిలోమీటర్లు నడవండి. బ్యాండు 2.24 చూపిస్తే 2ను 2.24తో భాగించండి, 0.89 వస్తుంది. ఇకమీద బ్యాండు చెప్పిన ఏ దూరాన్నయినా 0.89తో గుణించుకోవడమే. ఇంకా తేలిక, నిజమైన మూడు కిలోమీటర్లు కావాలంటే బ్యాండులో 3.36 దాకా నడవాలని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇదే బాగా పనిచేస్తుంది.

పెద్ద దారిలో సరిచూడటం

అంకె వేశాక పొడవైన దారిలో ఒకసారి సరిచూడాలి. 400 మీటర్ల ట్రాకు అందుబాటులో ఉంటే మొదటి లేనులోనే, లోపలి అంచుకు దగ్గరగా నడవండి. పరిగెత్తేవాళ్లకు దారివ్వడానికి వాకర్లు బయటి లేన్లలోకి వెళ్తారు. ఎనిమిది లేన్ల ట్రాకులో చివరి లేను చుట్టు 453 మీటర్లు. అక్కడ నడిచి బ్యాండు తప్పు చెబుతోందనుకోవడం సరికాదు. పార్కులో తిరిగేవాళ్లు నడకదారిని ఒకసారి టేపుతో కొలుచుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది.

మనకు ఇంకో కొలబద్ద ఉంది, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ. దాని పొడవు 1,223.5 మీటర్లు. 61.2 అంగ ఉన్నవాళ్లకు ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 2,000 అడుగులు. సెలవురోజు పొద్దున్నే బళ్లు తక్కువున్నప్పుడు అంచు వెంబడి నడిచి చూడండి. రికార్డుల్లో ఉన్న ఆ పొడవు ఏ రాయి దగ్గర మొదలై ఏ రాయి దగ్గర ముగుస్తుందో నడిచేవాడికి కనిపించదు, అందుకని బ్యారేజీతో సరిచూసుకోవచ్చు గాని అంగ కొలవకూడదు. బ్యాండు 1.19కి, 1.26కి మధ్య చూపిస్తే మీ పని అయిపోయినట్టే. మూడు శాతం లోపు తేడా ఎప్పుడూ ఉంటుంది, దాని వెంట పడొద్దు.

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వైపు ఉండేవాళ్లు బందరు రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు ఉన్నాయి కదా అనుకుంటారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాళ్లు జరిగి ఉండొచ్చు, లారీల మధ్య అడుగులు లెక్కపెట్టడం ప్రమాదం కూడా. ఊళ్లోనే టేపు వేసుకోండి.

పరుగెత్తేవాళ్లు పరుగు అంగను వేరుగా, ఇదే పద్ధతిలో కొలవాలి. పరుగులో అంగ వేగంతో బాగా మారుతుంది కాబట్టి వాళ్లకు జీపీఎస్ మీద ఆధారపడటమే మేలు. ట్రెడ్‌మిల్లు మీద నడిచేవాళ్లు మెషీను చూపించే దూరాన్నే రాసుకోవచ్చు.

కొలిచిన అంగ శాశ్వతం కాదు. మోకాలి ఆపరేషన్ తర్వాత, బరువు బాగా మారాక, చెప్పులు వదిలి బూట్లకు మారాక, కాన్పు ముందూ తర్వాతా మళ్లీ కొలవండి. అరవై దాటినవాళ్లకు ఆరునెలలకోసారి కొలిచి తేదీతో సహా డైరీలో రాయండి. అంగ క్రమంగా పొట్టిదవుతుంటే ఆ డైరీ డాక్టరుకు చూపించండి. నడకలో వచ్చే మార్పు ఆయన తెలుసుకోవలసిన విషయమే.

అమ్మానాన్నల చేతికి బ్యాండు కొనిచ్చి దూరంగా ఉంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈసారి విజయవాడ వచ్చినప్పుడు ఒక ఉదయం వాళ్లతో వెళ్లి టేపు మీరు పట్టుకోండి, లెక్క మీరు పెట్టండి. యాప్‌లో అంకె వేసి, వాళ్ల ఎదుటే ఒకసారి సరిచూసి వెళ్లండి.